పాత కంప్యూటర్ల తొలగింపుకు ముందు సమాచార నిర్మూలన

హైదరాబాదులోని చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ ప్రాంతాలతో వ్యవసాయ పట్టభద్రుల అనుబంధం కొత్తది కాదు. వ్యవసాయ డిగ్రీ పూర్తిచేసి వ్యవసాయాధికారి పోస్టుకో, గ్రూప్స్ పరీక్షలకో సిద్ధమయ్యేవారు అనేకులు ఇక్కడి హాస్టళ్ళలో గదులు తీసుకొని, పగలంతా చిక్కడపల్లి సిటీ సెంట్రల్ లైబ్రరీలో గడుపుతారు. వారి అవసరాల చుట్టూ నెట్ సెంటర్లు, జిరాక్స్ దుకాణాలు, లాప్‌టాప్ మరమ్మతు కేంద్రాలు వెలిశాయి. చదువు ముగించి ఊరికి మళ్ళే అభ్యర్థి తన లాప్‌టాప్‌ను అమ్మివేస్తాడు. కొత్తగా వచ్చినవాడు దానిని కొంటాడు. బేరం కుదిరేటప్పుడు బ్యాటరీ ఎంతసేపు నిలుస్తుందో, తెర మీద గీతలున్నాయో లేదో చూస్తారు. లోపలి డిస్కులో ఏమి మిగిలి ఉన్నదో అమ్మేవాడూ చూడడు, కొనేవాడూ అడగడు.

ఈ విషయం ఇప్పుడు ప్రస్తావించడానికి ఒక కారణం ఉంది. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు టీపీఎం 2.0 అనే భద్రతా భాగం తప్పనిసరి కావడంతో, బాగానే పనిచేస్తున్న యంత్రాలు కూడా ఇళ్ళలోనూ కార్యాలయాలలోనూ పాతవాటి జాబితాలో చేరుతున్నాయి. కృషి విజ్ఞాన కేంద్రాలు, పరిశోధన స్థానాలు, కళాశాలలు ఇందుకు మినహాయింపు కావు.

మన యంత్రాలలో ఉండేవి సొంత ఫొటోలు, పాఠ్యాంశాలు మాత్రమే కాదు. ప్రథమ శ్రేణి ప్రదర్శనలకు ఎంపికైన రైతుల జాబితాలో పేరు, సర్వే నంబరు, ఫోన్ నంబరు, ఆధార్ నకలు, బ్యాంకు పాస్‌బుక్ మొదటి పేజీ ఉంటాయి. భూసార పరీక్షల పట్టికలు, శిక్షణ హాజరు పత్రాలు, పట్టాదారు పాస్‌బుక్ ఫొటోలు ఏళ్ళ తరబడి డెస్క్‌టాప్ మీదనే పేరుకొంటాయి. గ్రామీణ వ్యవసాయ అనుభవ కార్యక్రమానికి వెళ్ళిన విద్యార్థి లాప్‌టాప్‌లో తనకు ఆతిథ్యమిచ్చిన రైతు కుటుంబం అప్పుసొప్పులతో సహా నమోదై ఉంటుంది. ఆ రైతు తన వివరాలు చెప్పింది విశ్వవిద్యాలయం నుండి వచ్చిన విద్యార్థికి. నారాయణగూడలో సెకండ్ హ్యాండ్ లాప్‌టాప్ కొన్నవానికి కాదు.

డిలీట్ నొక్కితే ఫైలు పోయిందనుకోవడం సర్వసాధారణ భ్రమ. రీసైకిల్ బిన్‌ను ఖాళీ చేసినప్పుడు సైతం కంప్యూటర్ చేసేది తన పట్టికలో ఆ ఫైలు ఉన్న స్థలాన్ని ‘ఖాళీ’ అని గుర్తించడమే. పహాణీలో పేరు కొట్టివేసినంత మాత్రాన చేలోని పైరు మాయం కాదు కదా. మరొక ఫైలు వచ్చి ఆ స్థలాన్ని ఆక్రమించేంత వరకు పాత అక్షరాలు అక్కడే ఉంటాయి. ఉచితంగా లభించే రికవరీ సాఫ్ట్‌వేర్ వాటిని పైకి తీయగలదు. క్విక్ ఫార్మాట్ కూడా పాత పహాణీని పక్కనపెట్టి ఖాళీ పుస్తకం తెరవడం వంటిదే.

అమెరికాలోని ఎం.ఐ.టి.కి చెందిన సిమ్సన్ గార్ఫింకెల్, అభి షెలాట్ పాత హార్డ్ డిస్కులను మార్కెట్లో కొని పరీక్షించి, 2003లో ఫలితాలను ప్రచురించారు. కొన్నవి 158, వాటిలో పనిచేసినవి 129. సరిగా చెరిపివేసినవి కేవలం 12. మిగిలిన వాటిలో వైద్య వివరాలు, ఉత్తరాలు, వేల సంఖ్యలో క్రెడిట్ కార్డు నంబర్లు బయటపడ్డాయి. ఒక డిస్కు అంతకుముందు బ్యాంకు ఏటీఎంలో పనిచేసినట్లు కనుగొన్నారు. అమ్మినవారిలో చాలామంది తాము చెరిపివేశామనే నమ్మి ఉంటారు. డిస్కులను ఫార్మాట్ చేసి ఇచ్చినవారూ వారిలో ఉన్నారు.

తిరిగే పళ్ళెం గల సాధారణ హార్డ్ డిస్కు విషయంలో పరిష్కారం సులభం. డిస్కు మొదటి నుండి చివరి వరకు ఒకసారి సున్నాలు రాయాలి. 1996లో పీటర్ గట్‌మన్ ప్రతిపాదించిన 35 సార్ల పద్ధతి ఆనాటి డిస్కులను దృష్టిలో ఉంచుకొన్నది. నేటి డిస్కులకు అది అనవసరమని ఆయనే తరువాత స్పష్టం చేశారు. అమెరికా ప్రమాణాల సంస్థ ఎన్‌ఐఎస్‌టీ మార్గదర్శకాలు సైతం ఒక్కసారి రాయడం సాధారణంగా చాలునంటున్నాయి. విండోస్ విస్టా నుండి ‘క్విక్’ గుర్తు తీసివేసి చేసే పూర్తి ఫార్మాట్ ఈ పనే చేస్తుంది. యంత్రం మొత్తాన్ని చెరపాలంటే డీబాన్ వంటి ఉచిత సాధనాన్ని పెన్‌డ్రైవ్ నుండి నడపవచ్చు. సెకనుకు 150 మెగాబైట్ల వేగంతో రాసే డిస్కు ఒక టెరాబైటు పూర్తిచేయడానికి సుమారు రెండు గంటలు పడుతుంది. సాయంత్రం మొదలుపెట్టి ఉదయం చూసుకొంటే సరిపోయే పనికి తీరిక లేదనడం సమంజసం కాదు.

ఎస్‌ఎస్‌డీ సంగతి వేరు. దానిలోని ఫ్లాష్ కణాలు రాయగా రాయగా అరిగిపోతాయి. అరుగుదల అన్నింటికీ సమంగా పంచడానికి డ్రైవులోని నియంత్రకం ప్రతి రాతను వేరొక చోటికి మళ్ళిస్తుంది. పైగా మన కంటికి కనబడని అదనపు స్థలాన్ని తన దగ్గర ఉంచుకొంటుంది. కాబట్టి ఒక ఫైలు మీద సున్నాలు రాసినా అవి మరో చోట పడవచ్చు. తుంగ ఉన్న చేనును పైపైన దున్నినట్లే ఇది: పైన ఆకు కనబడదు, కింద గడ్డలు నిలిచే ఉంటాయి. 2011లో శాన్ డియాగోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయ పరిశోధకులు జరిపిన పరీక్షల్లో, ఫైళ్ళను విడివిడిగా చెరిపే పద్ధతి ఏదీ ఎస్‌ఎస్‌డీల మీద పూర్తిగా ఫలించలేదు. ఒక డ్రైవు అయితే చెరిపివేశానని ప్రకటించి కూడా దత్తాంశాన్ని అలాగే ఉంచింది! అందువల్ల ఎస్‌ఎస్‌డీకి తయారీదారు ఇచ్చిన సాధనంతోనో, బయోస్‌లోని సెక్యూర్ ఎరేజ్ సదుపాయంతోనో మొత్తం డ్రైవును చెరపాలి. ఆ తరువాత రికవరీ సాఫ్ట్‌వేర్‌తో ఒకసారి వెదికి నిర్ధారించుకోవాలి.

వీటన్నింటికంటె మేలైన ఉపాయం మొదటి రోజునే చేసేది. బిట్‌లాకర్ వంటి ఎన్‌క్రిప్షన్‌ను కొన్ననాడే అమలుచేస్తే డిస్కులో పడే ప్రతి అక్షరం తాళం వేసినట్లే పడుతుంది. చివరిలో తాళంచెవిని నాశనం చేస్తే చాలు. రికవరీ కీ మైక్రోసాఫ్ట్ ఖాతాలోనూ నిలువ ఉండవచ్చు కనుక దానినీ తొలగించాలి. విండోస్‌లోని ‘రీసెట్ దిస్ పీసీ’లో ‘రిమూవ్ ఎవ్రీథింగ్’తో పాటు ‘క్లీన్ డేటా’ ఎంచుకోవడం విద్యార్థి సొంత లాప్‌టాప్‌కు సరిపోతుంది. ప్రభుత్వ, పారిశ్రామిక ప్రమాణాలకు అది చాలదని మైక్రోసాఫ్టే పేర్కొంటున్నందున కార్యాలయ యంత్రాలకు దానితో సరిపెట్టరాదు. విస్తరణ సిబ్బంది వాడే ట్యాబ్‌లను ఫ్యాక్టరీ రీసెట్ చేసేవారు సైతం మెమరీ కార్డును అందులోనే మరచిపోతుంటారు.

అశోక్‌నగర్ వీధులలో మరో చిక్కు ఉంది. దరఖాస్తు నింపడానికి పంపిన ఆధార్, మార్కుల జాబితా, సంతకం ఫొటో నెట్ సెంటర్ కంప్యూటర్ డౌన్‌లోడ్స్‌లో ఉండిపోతాయి. ఆ యంత్రాన్ని ఎప్పుడు, ఎవరికి అమ్ముతారో అభ్యర్థికి తెలియదు. పని ముగియగానే తన ఫైళ్ళను తొలగించమని అడగడం, మెయిల్ నుండి లాగౌట్ కావడం కొంత మేలు; అది పూర్తి రక్షణ కాదు. జిరాక్స్ యంత్రాలను ఎవరూ అనుమానించరు గాని, అనేక డిజిటల్ కాపీయర్లలో హార్డ్ డిస్కు ఉంటుంది. అందులో నకలు తీసిన పత్రాల ప్రతిబింబాలు నిలువ ఉండవచ్చు. అమెరికాలో అఫినిటీ హెల్త్ ప్లాన్ అనే ఆరోగ్య బీమా సంస్థ అద్దె కాపీయర్లను డిస్కులు చెరపకుండా తిరిగి ఇచ్చినందుకు 2013లో 12,15,780 డాలర్లు చెల్లించవలసి వచ్చింది. మన కార్యాలయాలలోని అద్దె కాపీయర్ల ఒప్పందంలో డిస్కు ఎవరిదో, వాపసు ఇచ్చేటప్పుడు ఎవరు చెరపాలో రాసి ఉన్నదా అన్నది ఒకసారి చూడదగిన విషయం.

చెరపడంలో తొందర కూడా ప్రమాదమే. మూడు ఖరీఫ్‌ల ప్రయోగ దత్తాంశం ఉన్న ఏకైక ప్రతి ఆ పాత డిస్కులోనే ఉంటే, అది పోయిన తరువాత ఏ సాధనమూ తిరిగి తేలేదు. ముందు నకలు తీసి, ఆ నకలును వేరొక కంప్యూటర్లో తెరిచి చూడాలి. కాపీ పూర్తయిందన్న సందేశం వచ్చినా ఫైలు తెరుచుకోని సందర్భాలు ఉంటాయి. ఆడిట్‌కు, విచారణకు, కోర్టుకు అవసరమైన రికార్డులను అధికారి అనుమతి లేకుండా ముట్టరాదు. 2024 మార్చిలో హైదరాబాదులో నమోదైన ఫోన్ ట్యాపింగ్ కేసులో హార్డ్ డిస్కులను ధ్వంసం చేశారన్నదే ఒక ప్రధాన ఆరోపణ. చెరపవలసిన దానిని చెరపకపోవడం ఎంత తప్పో, ఉంచవలసిన దానిని చెరపడం అంతకంటె తప్పు. ఈ రెంటి మధ్య కార్యాలయాన్ని కాపాడేది ఒక చిన్న రిజిస్టరు. యంత్రం క్రమ సంఖ్య, డిస్కు క్రమ సంఖ్య, నకలు ఎక్కడ ఉన్నది, ఏ పద్ధతిలో ఏ తేదీన చెరిపారు, ఎవరు సరిచూశారు అన్న వివరాలకు ఒక వరుస చాలు.

చట్టం కూడా ఈ దిశలోనే కదులుతున్నది. 2023 డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం భద్రతా చర్యలలో వైఫల్యానికి 250 కోట్ల రూపాయల వరకు జరిమానాకు వీలు కల్పించింది. నియమాలు 2025 నవంబరులో వెలువడ్డాయి, బాధ్యతలు దశలవారీగా అమలులోకి వస్తున్నాయి. ప్రభుత్వ సంస్థలకు కొన్ని మినహాయింపులు ఉన్నప్పటికీ, రైతుకు జరిగే నష్టానికి మినహాయింపు లేదు. వేలంలో పాత కంప్యూటర్లను గంపగుత్తగా అమ్మే అలవాటు కొన్ని కార్యాలయాలలో ఇంకా ఉంది. వేలానికి ముందే డిస్కులను విడదీసి, విడిగా లెక్క చూపడం ఈ వ్యాసకర్త దృష్టిలో అన్నింటికంటె సురక్షితం. డిస్కు లేనందున తగ్గే ధర స్వల్పమే. విడిభాగాలను ఇ-వ్యర్థాల నియమాల ప్రకారం నమోదైన పునరుద్ధరణ లేదా పునశ్చక్రీయ సంస్థకే అప్పగించాలి. 2023 ఏప్రిల్ 1 నుండి అమలులో ఉన్న ఆ నియమాలు పాత సామాను బండికి అమ్మడాన్ని పరిష్కారంగా అంగీకరించవు.

ఇక పనిచేయని డిస్కు. ‘ఎలాగూ చెడిపోయింది’ అని దానిని సొరుగులో పడేస్తారు, లేదా మెకానిక్‌కు వదిలేస్తారు. చెడింది తరచుగా బయటి సర్క్యూట్ మాత్రమే. పళ్ళెం మీది సమాచారం చెక్కుచెదరకుండా ఉండవచ్చు. దానిమీద సున్నాలు రాసే వీలు లేదు కనుక భౌతికంగా నాశనం చేయవలసిందే. పళ్ళేలను బయటికి తీసి విరవాలి; కొన్ని గాజువి గనుక కళ్ళద్దాలు, చేతితొడుగులు వేసుకోవాలి. ఎస్‌ఎస్‌డీ అయితే సర్క్యూట్ పలకపై ఉన్న ప్రతి మెమరీ చిప్పునూ పగలగొట్టాలి. అయస్కాంతంతో చెరిపే పద్ధతి ఎస్‌ఎస్‌డీ మీద పనిచేయదు.