మీకు తెలుసా? పేరులోనే కొంగ ఉంది!
నర్సరీలో జెరేనియం అని అమ్మే కుండీ మొక్క నిజానికి జెరేనియం కాదు, పెలార్గోనియం. సొంతూరు దక్షిణాఫ్రికా. అసలైన అడవి జెరేనియం కావాలంటే వసంతంలో అమెరికా తూర్పు అడవులకు వెళ్లాలి. అక్కడ చెట్ల నీడన ఐదు రేకులతో, లేత ఊదా రంగులో పూస్తుంది జెరేనియం మాక్యులేటం. 1753లో వృక్షశాస్త్రవేత్త లిన్నేయస్ పెట్టిన పేరిది.

జెరేనియం అన్న మాటకు మూలం గ్రీకు ‘గెరనోస్’, అంటే క్రౌంచ పక్షి, మన సారస కొంగలాంటిది. రేకులు రాలాక కాయ అచ్చం దాని ముక్కులా నిక్కుతుంది మరి! ఎండగానే ఆ ముక్కు ఐదు పాయలుగా చీలి, పైకి చుట్టుకుంటూ గింజలను వడిసెల రాళ్లలా విసిరేస్తుంది. ‘మాక్యులేటం’ అంటే లాటిన్‌లో మచ్చలున్నది. ఆ మచ్చల్ని పువ్వు మీద వెతక్కండి, ఆకుల మీద ఉంటాయి.

కుండీ మొక్కల్ని కూడా లిన్నేయస్ జెరేనియంలలోనే కలిపేశాడు. 1789లో వాటిని వేరుచేసినా జనం నోట పాత పేరే నిలిచిపోయింది.