అరవై నాలుగు గళ్ళ లెక్క

లెక్కలంటే మన హాస్టల్లో చాలామందికి భయం. ఇంటర్ దాకా నాకూ ఉండేది. ఆ భయాన్ని పోగొట్టింది ఒక పెద్ద సంఖ్య. దాన్ని మీకు పరిచయం చేస్తాను.

చదరంగం కనిపెట్టినవాడు రాజును అడిగిన కోరిక మీరు వినే ఉంటారు. మొదటి గడిలో ఒక గింజ, రెండో గడిలో రెండు, మూడో గడిలో నాలుగు. ఇలా 64 గళ్ళూ నింపాలి. మొత్తం గింజలు 1,84,46,74,40,73,70,95,51,615. ఇరవై అంకెలు! గ్రాముకు 40 వడ్ల గింజలు అనుకుంటే, ఇప్పుడు ప్రపంచమంతా పండే వడ్లను ఐదు వందల ఏళ్ళు పోసినా ఆ గళ్ళు నిండవు.

ఈ సంఖ్యను మన తెలుగువాళ్ళు పద్యంలో దాచుకున్నారు. మహావీరాచార్యుని సంస్కృత గణిత గ్రంథాన్ని తెలుగులోకి తెచ్చిన పావులూరి మల్లనదిగా ఆ పద్యాన్ని చెప్పుకుంటారు. అందులో అంకెలు ఉండవు, మాటలే ఉంటాయి. చంద్రుడంటే 1, వేదాలంటే 4, బాణాలంటే 5, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానం నుంచి మొదలుపెట్టి ఎడమవైపుకు రాసుకుంటూ పోతే సంఖ్య మొత్తం వచ్చేస్తుంది.

ఇక దీని గుణాలు చూద్దాం. 1+2=3, 1+2+4=7. ఏ గడి దాకా కూడినా, వచ్చేది తర్వాతి గడి కంటే ఒకటి తక్కువ. కాబట్టి 64 రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే మన సంఖ్య వస్తుంది. చివర 5 ఉంది కనుక 5తో భాగించబడుతుంది. అంకెల మొత్తం 87 కనుక 3తోనూ భాగించబడుతుంది. పూర్తిగా విడదీస్తే 3, 5, 17, 257, 641, 65537, 6700417 అనే ఏడు ప్రధాన సంఖ్యల లబ్ధం.

ఇందులో 641కి ఒక కథ ఉంది. 32 రెండ్లను గుణించి ఒకటి కలిపితే 4294967297. ఇదీ మన సంఖ్యకు కారణాంకమే. ఫ్రెంచ్ గణితజ్ఞుడు ఫెర్మా దీన్ని ప్రధాన సంఖ్య అనుకున్నాడు. 1732లో ఆయిలర్ దీన్ని 641 భాగిస్తుందని చూపించాడు. ఎంత పెద్దవాళ్ళు చెప్పినా మనం లెక్క చేసి చూసుకోవాల్సిందే.

ఈ గళ్ళు చదరంగంలోనే లేవు. మా నాన్నకు చదువు రాదు. అక్క పెళ్ళికి నెలకు నూటికి మూడు రూపాయల వడ్డీకి ఐదు వేలు తెచ్చాడు. మూడేళ్ళకోసారి వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాసేవాళ్ళు. నాన్న వేలిముద్ర వేసేవాడు. నూరు రూపాయలకు 36 నెలల వడ్డీ 108 రూపాయలు. అంటే నోటు తిరగరాసిన ప్రతిసారీ బాకీ రెట్టింపు దాటి ఒక గడి ముందుకు జరిగింది. మూడోసారికి అది దాదాపు 45 వేలు. తీర్చడానికి ఉన్న అర ఎకరం అమ్మేశాం.

మా ఇంట్లో డిగ్రీ దాకా చదివింది నేనే మొదలు. ఈ లెక్క కాగితం మీద వేసి నాన్నకు వివరించాను. చాలాసేపు మాట్లాడలేదు. "గీ ముచ్చట అప్పుడే ఎవలన్న జెప్తే బాగుండు బిడ్డా" అన్నాడు.

తమ్ముళ్ళూ! ఈసారి సెలవులకు ఊరికి పోయినప్పుడు ఇంట్లో అప్పు కాగితాలుంటే అడిగి చూడండి. ఎన్నో గడిలో ఉన్నారో లెక్క వేసి అమ్మానాన్నలకు చెప్పండి.

– ఎమ్మెస్సీ (గణితం) విద్యార్థి, సికింద్రాబాద్