బీ7లో బంటు

భిలాయి ఉక్కు కర్మాగారాన్ని సోవియట్ యూనియన్ సాయంతో కట్టారు. మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ 1959 ఫిబ్రవరి 4న ప్రారంభమైంది. అందుకేనేమో, పెన్షన్ పనిమీద మా శాఖకు వచ్చే తెలుగు పెద్దల్లో కొందరు 1972లో బాబీ ఫిషర్ చేతిలో ఓడిన బోరిస్ స్పాస్కీని ఇప్పటికీ మనవాడిలాగే తలుచుకుంటారు. ఐస్‌లాండ్ రాజధాని రేక్యవిక్‌లో జరిగిన ఆ ప్రపంచ చాంపియన్‌షిప్ పోరులో జూలై 27 నాటి ఎనిమిదో గేమ్, చదరంగం కొద్దిగా వచ్చినవారికి కూడా అర్థమవుతుంది. బోర్డు దగ్గర పెట్టుకుంటే మరీ మంచిది.

దాదాపు ఎప్పుడూ రాజు ముందున్న బంటుతోనే మొదలుపెట్టే ఫిషర్, ఆ రోజు తెల్లపావులతో సీ4 ఆడాడు. పక్కనుంచి మొదలయ్యే దీన్ని ఇంగ్లిష్ ఓపెనింగ్ అంటారు. 1843లో పారిస్‌లో సెయింట్ అమాంతో తలపడినప్పుడు ఇంగ్లండ్ ఆటగాడు స్టాంటన్ దీన్ని వాడాడు. నలుపు కూడా సీ5 అంటే అది సిమెట్రికల్. ఆరో ఎత్తు ముగిసేసరికి రెండు బలగాలూ అద్దంలో బొమ్మల్లా ఉన్నాయి. రెండువైపులా గుర్రాలు బయటికొచ్చాయి, శకటం (అదే, బిషప్) జీ గడుల వరుసలో కూర్చుంది, రాజు మూలకు చేరాడు.

కానీ ముందు కదిలేది తెలుపే కదా. ఏడో ఎత్తులో ఫిషర్ డీ4తో మధ్య భాగాన్ని తెరిచాడు, అద్దం పగిలింది. ఒక్కో బంటు, ఒక్కో గుర్రం మారిపోయాక తెలుపుకు చోటు ఎక్కువ మిగిలింది. దీనికి నలుపు దగ్గర మామూలు మందు ఒకటుంది: ఏ6 ఆడి, ఏనుగును బీ8కి తెచ్చి, బీ7 బంటును బీ5కి తోసి తెల్లబంటును సీ4 నుంచి కదిలించడం. స్పాస్కీ 15వ ఎత్తులో అదే చేశాడు. నిరుటి రెన్యువల్ నోట్‌లో తేదీ మార్చి పంపినట్టు అనిపిస్తుంది నాకు. నోట్‌లో తప్పేమీ లేదు, ఖాతా పరిస్థితి మారింది.

మారిందేమిటంటే, ఫిషర్ అప్పుడే తన రెండో శకటాన్ని ఈ3కి తెచ్చాడు. ఇప్పుడు అది ఏ7కి దూకి బీ8లోని ఏనుగును బెదిరించింది. బీ7లో బంటు ఉండి ఉంటే ఏనుగు హాయిగా ఏ8కి తప్పుకునేది, ఏ7లోని శకటమే వెనక్కి పరుగెత్తాల్సి వచ్చేది. బంటు ముందుకెళ్లడంతో జీ2లోని శకటానికి ఏ8 దాకా దారి తెరుచుకుంది. ఏనుగు బీ7కి వెళ్లినా, ఏ8కి వెళ్లినా దాని వాత పడుతుంది. బీ6కి వెళితే ఏ7లోని శకటం కొడుతుంది. పక్కన సీ8లో సొంత ఏనుగే అడ్డం. ఏనుగు పోయింది. బదులుగా స్పాస్కీకి ఒక శకటం, ఒక బంటు దక్కాయి.

అప్పటికీ పోరాడవచ్చు. కానీ 19వ ఎత్తులో, డీ5 గడిని కాస్తున్న గుర్రాన్ని డీ7కి తీశాడు. ఫిషర్ గుర్రం వెంటనే డీ5లోకి దిగింది, మంత్రులు ఎదురెదురయ్యాయి. స్పాస్కీ మంత్రిని కొట్టాడు. ఫిషర్ తిరిగి కొట్టలేదు, ముందు ఈ7 బంటును చెక్‌తో తీసుకుని, ఆ తర్వాతే మంత్రి బాకీ తీర్చాడు. ఈ ఆట మొత్తంలో నాకు బాగా నచ్చేది ఆ వరుసే. స్పాస్కీకి దక్కిన బంటు లాభం అక్కడితో చెల్లిపోయింది.

37వ ఎత్తు తర్వాత స్పాస్కీ ఆట వదులుకున్నాడు. స్కోరు ఫిషర్ 5, స్పాస్కీ 3.