సర్వైకల్ క్యాన్సర్: జ్వరం రాదు, నొప్పి ఉండదు.. ఒంట్లో అలారం మోగకుండా చేసే వైరస్ ఇదే..!

డెంగీ వస్తే ఒళ్లు కాలిపోతుంది, కీళ్లు పీకేస్తాయి. ఆ జ్వరం, ఆ ఒళ్లునొప్పులు చాలావరకు మన రోగనిరోధక వ్యవస్థ మోగించే అలారం వల్ల వచ్చేవే. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమయ్యే హ్యూమన్ పాపిలోమా వైరస్, అంటే హెచ్‌పీవీ దగ్గర ఆ అలారమే సరిగా మోగదు. అందుకే వైరస్ ఏళ్ల తరబడి ఒంట్లోనే ఉన్నా ఆడవాళ్లకు తెలియదు. 2022లో మన దేశంలో సుమారు 1.27 లక్షల మందికి కొత్తగా ఈ క్యాన్సర్ వచ్చిందని, దాదాపు 80 వేల మంది చనిపోయారని గ్లోబోకాన్ అంచనా.

అలారం ఎందుకు మోగదంటే..

మామూలుగా కణంలోకి వైరస్ దూరితే లోపలి సెన్సర్లు పసిగడతాయి. డీఎన్‌ఏ ఉండకూడని చోట కనిపిస్తే ‘స్టింగ్’ అనే ప్రోటీన్ ద్వారా సిగ్నల్ వెళ్తుంది. వెంటనే ఆ కణం ఇంటర్‌ఫెరాన్లను వదులుతుంది. ఒక ఇంట్లో ‘దొంగ.. దొంగ’ అని కేక వేస్తే వీధంతా లేచినట్టు పక్క కణాలు అలర్ట్ అవుతాయి. టీ సెల్స్ అనే రక్షక కణాలు అక్కడికి చేరుకుంటాయి.

హెచ్‌పీవీ ఆ కేక బయటకు రాకుండా గొంతు నొక్కేస్తుంది. వైరస్ తయారు చేసే ఈ6 ప్రోటీన్, ఇంటర్‌ఫెరాన్‌ను ఆన్ చేసే ఐఆర్ఎఫ్-3ని పట్టుకుంటుంది. ఈ7 ఏమో స్టింగ్ పనికి అడ్డం పడుతుంది. ఈ5 అనే మరో ప్రోటీన్.. ‘నాలో వైరస్ ఉంది’ అని టీ సెల్స్‌కు చూపించే గుర్తులు కణం పైకి రాకుండా ఆపుతుంది.

అసలు డేంజర్ ఇక్కడే ఉంది. అలారం ఆపే ఈ6, ఈ7లే క్యాన్సర్‌కూ దారి తీస్తాయి. కణం పాడైతే దాన్ని ఆపేసే పీ53ని ఈ6 నాశనం చేస్తుంది. కణాలు అదుపు తప్పి పెరగకుండా చూసే ఆర్‌బీ ప్రోటీన్‌ను ఈ7 పనికిరాకుండా చేస్తుంది. కాపలా లేదు, బ్రేకూ లేదు.

పైగా ఈ వైరస్ రక్తంలోకి రాదు. పైపొర కణాల్లోనే ఉండి, ఎలాగూ రాలిపోయే కణాలతో పాటే బయటికి పోతుంది. ఎక్కడా గొడవ చేయదు.

వైరస్ సోకితే క్యాన్సర్ వచ్చేసినట్టేనా?

కానే కాదు. ఇన్ని ఎత్తులు వేసినా పది మందిలో దాదాపు తొమ్మిది మందిలో రెండేళ్లలోపు ఇమ్యూనిటీయే గెలుస్తుంది. వైరస్ తిష్ట వేసిన కొద్దిమందిలోనే సమస్య. వాళ్లలోనూ క్యాన్సర్‌గా మారడానికి సాధారణంగా 15 నుంచి 20 ఏళ్లు పడుతుంది. రిపోర్టు పాజిటివ్ వచ్చిందని భార్యాభర్తలు ఒకరినొకరు అనుమానించుకోవడంలోనూ అర్థం లేదు. అది ఎన్నేళ్ల కిందట సోకిందో ఆ టెస్టు చెప్పలేదు.

రోగనిరోధక శక్తి తగ్గినవాళ్ల పరిస్థితి మాత్రం వేరు. హెచ్ఐవీ ఉన్న మహిళలకు ఈ క్యాన్సర్ ముప్పు ఆరు రెట్లు ఎక్కువని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఇమ్యూనిటీ బాగా దెబ్బతిని, చికిత్స కూడా అందకపోతే 5 నుంచి 10 ఏళ్లలోనే క్యాన్సర్ రావచ్చు.

మరి టీకా ఏం చేస్తుంది? అందులో వైరస్ పైతొడుగు మాత్రమే ఉంటుంది, లోపల డీఎన్‌ఏ ఉండదు. చేతి కండరానికి వేస్తారు కాబట్టి రోగనిరోధక వ్యవస్థ వెంటనే గుర్తిస్తుంది. సహజంగా వైరస్ సోకినప్పటి కంటే చాలా ఎక్కువ యాంటీబాడీలు పుడతాయి. కణంలోకి దూరకముందే అవి వైరస్‌ను అడ్డుకుంటాయి. అప్పటికే దూరిన వైరస్‌ను మాత్రం టీకా తరిమేయలేదు. 9 నుంచి 14 ఏళ్ల మధ్య ఆడపిల్లలకు వేయించమని డాక్టర్లు పట్టుబట్టేది ఇందుకే. సీరం ఇన్‌స్టిట్యూట్ తయారు చేసిన దేశీ టీకా సర్వావ్యాక్ 2023 జనవరిలో విడుదలైంది. ఈ క్యాన్సర్లలో దాదాపు 70 శాతానికి కారణమయ్యే 16, 18 రకాల నుంచి ఇది రక్షణ ఇస్తుంది.

క్యాన్సర్ వచ్చాక కూడా సిగ్నల్స్ ఆట ఆగదు. కొన్ని కణితులు పీడీ-ఎల్1 అనే ప్రోటీన్ చూపించి టీ సెల్స్‌ను ‘ఆగు’ అంటాయి. ఆ సిగ్నల్‌ను తెంచే పెంబ్రోలిజుమాబ్ అనే మందుకు సర్వైకల్ క్యాన్సర్‌లో వాడేందుకు అమెరికా 2018లో అనుమతి ఇచ్చింది. ఇది అందరికీ పనిచేయదు, ఖర్చు కూడా చాలా ఎక్కువ.

టీకా వయసు దాటిన అమ్మలకు, అత్తలకు ఉన్న దారి స్క్రీనింగ్. హెచ్‌పీవీ డీఎన్‌ఏ టెస్టు లక్షణాల కోసం ఎదురుచూడదు, నేరుగా వైరస్ జాడ పట్టేస్తుంది. 30 ఏళ్ల నుంచి ప్రతి 5-10 ఏళ్లకోసారి, హెచ్ఐవీ ఉంటే 25 నుంచే 3-5 ఏళ్లకోసారి చేయించుకోవాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. శాంపిల్‌ను మహిళలు తమంతట తామే తీసి ఇవ్వొచ్చు కూడా. ఇక నెలసరి ఆగిపోయాక మళ్లీ రక్తం కనిపించినా, కలయిక తర్వాత బ్లీడింగ్ అయినా టెస్టు గడువు కోసం చూడకుండా వెంటనే గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లాలి.