క్రియ దగ్గర అనువాదకుడి తీర్పు: ఇంగ్లీషు నుంచి స్పానిష్‌లోకి

నామవాచకాలు అనువాదకుడికి పెట్టే కష్టం చాలావరకు నిఘంటువుతో తీరుతుంది. క్రియలు పెట్టే కష్టం అంత తేలికగా తీరదు. క్రియలో పని ఒక్కటే వుండదు. ఆ పని చేసేవాడెవడు, దాని ఫలితం ఎవరి మీద పడుతుంది, చెప్పేవాడు ఎవరి పక్షాన నిలబడి చెబుతున్నాడు అన్నవి కూడా అందులో ఇమిడి వుంటాయి. ఇంగ్లీషు రచనను స్పానిష్‌లోకి తెచ్చేటప్పుడు యీ సంగతి మరీ స్పష్టంగా బయటపడుతుంది.

యీ రెండు భాషలూ మనవి కావు గదా, యీ చర్చ మనకెందుకు అని పాఠకులు అడగవచ్చు. నెరూడా, మార్క్వెజ్ వంటి స్పానిష్ రచయితలు తెలుగువారికి చాలావరకు ఇంగ్లీషు ద్వారానే అందారు. అంటే వారి క్రియకూ మన క్రియకూ మధ్య ఒక ఇంగ్లీషు క్రియ అడ్డంగా నిలబడి వుంది. అది దేన్ని దాచిపెడుతోందో తెలియాలంటే, ఇంగ్లీషు వాక్యం స్పానిష్‌లోకి వెళ్ళేటప్పుడు ఎక్కడ తడబడుతుందో పరిశీలించడం మంచి మార్గమని నా అభిప్రాయం.

మొదట 'బి' అనే క్రియను తీసుకుందాం. ఈజ్, ఆర్, వాజ్ అన్నీ దాని రూపాలే. స్పానిష్‌లో దీనికి రెండు క్రియలున్నాయి: సెర్, ఎస్తార్. శాశ్వతమైనదానికి సెర్, తాత్కాలికమైనదానికి ఎస్తార్ అని పాఠాలు చెప్పేవారు సూత్రం ఇస్తుంటారు. యీ సూత్రం కొంతదూరమే నడుస్తుంది. చావును మించిన శాశ్వతం ఏముంది? అయినా మనిషి చనిపోయి వున్నాడనడానికి స్పానిష్ వాడేది ఎస్తార్‌నే. మాడ్రిడ్ నగరం స్పెయిన్‌లో వుందనడానికీ ఎస్తారే కావాలి. గంటలో ముగిసిపోయే సభ ఫలానా బడిలో అని చెప్పడానికి మాత్రం సెర్ కావాలి. కాబట్టి కాలం ఎంత అన్న లెక్కతో యీ తేడా తేలదు. ఒక మనిషిని 'ఇతను ఫలానా రకం' అని నిర్ధారించేటప్పుడు సెర్ వస్తుంది. ఒక మార్పు ఫలితంగా, లేదా ఒకానొక పరిస్థితిలో అతను ఎలా వున్నాడో చూపేటప్పుడు ఎస్తార్ వస్తుంది. ఎస్తార్ పుట్టింది 'నిలబడు' అనే అర్థమున్న లాటిన్ క్రియ నుంచే.

ఇది వ్యాకరణం తరగతితో ముగిసే విషయం కాదు. భూస్వామి ముందు నిలబడ్డ కూలీ గురించి ఒక ఇంగ్లీషు కథలో 'హి వాజ్ క్వయట్' అని వుందనుకుందాం. అనువాదకుడు 'ఎరా కయాదో' అని సెర్‌తో రాస్తే, ఆ కూలీ స్వభావరీత్యా మాట్లాడని మనిషి అని అర్థం. 'ఎస్తాబా కయాదో' అని ఎస్తార్‌తో రాస్తే, అతను ఆ క్షణాన మాట్లాడకుండా వున్నాడని అర్థం. మొదటి వాక్యంలో మౌనం అతని గుణం. రెండో వాక్యంలో దానికి బయట ఒక కారణం వుండవచ్చు. ఆ కారణం ఎదుట కుర్చీలో కూర్చున్న భూస్వామే కావచ్చు. ఇంగ్లీషు రచయిత ఏ వైపూ మొగ్గకుండా వాక్యం ముగించాడు. స్పానిష్ అనువాదకుడికి ఆ వెసులుబాటు లేదు. కథ మొత్తాన్ని చదివి, ఆ మౌనం ఎక్కడిదో తేల్చుకున్న తర్వాతే అతను క్రియ రాయగలడు. 'ఆ జనం అంతే' అని పీడితుల స్థితిని వారి స్వభావంగా చూపే అలవాటు సాహిత్యంలో ఎంత పాతదో మనకు తెలుసు. ఒక్క క్రియ ఎంపికలో ఆ అలవాటు అనువాదంలోకి జొరబడగలదు.

యీ తేడా తెలుగువాడికి కొత్తది కాదని గమనించాలి. 'వాడు తాగుబోతు' అంటాం. అందులో క్రియే లేదు. 'వాడు తాగి వున్నాడు' అంటాం. అందులో 'వుండు' వుంది. మొదటిది ముద్ర, రెండోది స్థితి. స్పానిష్‌లో ఒకే విశేషణాన్ని సెర్‌తో వాడితే తాగుబోతు, ఎస్తార్‌తో వాడితే తాగి వున్నవాడు. 'మంచివాడు', 'బాగున్నాడు' అనే మాటల మధ్య వున్న దూరం కూడా ఇలాంటిదే. అన్నిచోట్లా యీ పోలిక సరిపోదు. మనిషి పొడుగ్గా వుంటాడని మనం 'వుండు'తో చెబితే స్పానిష్ సెర్‌తో చెబుతుంది. అయినా ఇంగ్లీషు 'వాజ్' కన్నా మన వాక్యమే స్పానిష్‌కు చాలాచోట్ల దగ్గరగా వుంది.

తెలియడాన్ని చెప్పే ఇంగ్లీషు క్రియ 'నో' సంగతీ ఇంతే. విషయం తెలిస్తే, పని చేయడం చేతనైతే స్పానిష్‌లో సబేర్. మనిషితోనో, ఊరితోనో, అనుభవంతోనో పరిచయముంటే కొనొసేర్. ఆకలి గురించి లెక్కలు తెలిసినవాడికి సబేర్ చాలు. ఆకలితో పడుకున్నవాడికి కొనొసేర్ కావాలి. మన 'తెలుసు' రెంటికీ పనికొస్తుంది గాని, 'ఎరుగు' అనే పాతమాట కొనొసేర్‌కు చాలా దగ్గర. 'ఆకలి ఎరిగినవాడు' అన్నప్పుడు మనం సమాచారం గురించి మాట్లాడడం లేదు.

భూతకాలంలో యీ క్రియ ఇంకో మలుపు తిరుగుతుంది. కొడుకు మరణం గురించి ఒక తల్లికి 'షి న్యూ' అని రాస్తే, ఆమెకు అప్పటికే తెలుసా, అప్పుడే తెలిసిందా? 'సబియా' అంటే అప్పటికే తెలుసు. 'సుపో' అంటే ఆ క్షణాన తెలిసింది. తెలుసు, తెలిసింది అనే రెండు మాటలూ తెలుగులో సిద్ధంగా వున్నాయి. ఇంగ్లీషు 'న్యూ' కనపడగానే కలం 'తెలుసు' దగ్గరే ఆగిపోతే ఆ తల్లి దుఃఖం ఎప్పుడు మొదలైందో పాఠకుడికి అందదు.

దీనికి తిరగబడ్డ సందర్భాలూ వున్నాయి. ఇంగ్లీషులో వేచివుండడానికి 'వెయిట్', ఆశపడడానికి 'హోప్', జరుగుతుందని అనుకోవడానికి 'ఎక్స్‌పెక్ట్' అని మూడు క్రియలున్నాయి. మూడింటికీ స్పానిష్‌లో ఎస్పెరార్ వాడవచ్చు. ఇంగ్లీషు రచయిత జాగ్రత్తగా విడదీసినవి స్పానిష్‌లో ఒకటైపోతాయి. వేచివున్నారని చెప్పాలా, ఆశ వదలలేదని చెప్పాలా అన్నది చుట్టూ వున్న మాటలే తేల్చాలి. మార్క్వెజ్ 1961లో పుస్తకంగా తెచ్చిన 'కల్నల్‌కు ఎవరూ రాయరు' నవలికలో ముసలి కల్నల్ పింఛను ఉత్తరం కోసం ప్రతి శుక్రవారం రేవుకు వెళతాడు. అతను చేసే పనికి స్పానిష్‌లో పేరు ఎస్పెరార్. అందులో నిరీక్షణా ఆశా విడిపోలేదు. ఇంగ్లీషులోకి తెచ్చేవాడు ఏదో ఒకటి ఎంచుకోక తప్పదు. మన 'ఎదురుచూపు'లో మాత్రం రెండూ కొంతవరకు కలిసే వున్నాయి.

ఇక చూడడానికి ఒకేలా వుండి మోసం చేసే జంటలు. ఇంగ్లీషు 'సపోర్ట్' కనపడగానే 'సొపొర్తార్' అని రాయాలనిపిస్తుంది. కాని మనుషుల విషయంలో సొపొర్తార్ అంటే భరించడం, సహించడం. ఒక సంఘం సమ్మెకు మద్దతు ప్రకటిస్తే, అనువాదంలో అది సమ్మెను ఓర్చుకుంటున్నట్టు తయారవుతుంది. సరైన మాట 'అపొయార్'. 'డిమాండ్' విషయంలోనూ జాగ్రత్త కావాలి. 'దెమందార్'కు కోర్టులో దావా వేయడమనే అర్థం బలంగా వుంది. హక్కుగా గట్టిగా కోరడానికి తగిన మాట 'ఎక్సిహీర్'. వట్టి 'ఆస్క్' అయితే మళ్ళీ రెండుగా చీలుతుంది: కావలసినదాన్ని అడిగితే 'పెదీర్', తెలియనిదాన్ని అడిగితే 'ప్రెగుంతార్'. 'కార్మికులు యజమానిని అడిగారు' అన్న వాక్యాన్ని, అడిగింది కూలీనా, సమాధానాన్నా అని తేల్చుకోకుండా స్పానిష్‌లో రాయలేము. ఇక్కడ తెలుగు ఇంగ్లీషు వైపే వుంది.

ఇవన్నీ కలిపి చూస్తే నాకు తోచేది ఒకటే. ఇంగ్లీషు ద్వారా స్పానిష్ సాహిత్యాన్ని తెచ్చే మిత్రులు ఇంగ్లీషు క్రియను చివరిమాటగా తీసుకోకూడదు. ముఖ్యమైన పాత్ర స్థితిని చెప్పే వాక్యాల దగ్గరైనా స్పానిష్ ప్రతిని పక్కన పెట్టుకొని, అక్కడున్నది సెర్ అవునా ఎస్తార్ అవునా, సబేర్ అవునా కొనొసేర్ అవునా అని చూడాలి. అందుకు మహాపాండిత్యం అవసరం లేదు. కొద్దినెలల శ్రద్ధ చాలు. ఆ తర్వాత తెలుగులో మాట వెతకాలి. ఇంగ్లీషు పోగొట్టిన తేడా చాలాసార్లు మన ఇళ్ళలో, పొలాల్లో వాడుతున్న మాటల్లోనే దొరుకుతుంది. కూలీ మౌనంగా 'వున్నాడా', మౌని 'అయినవాడా' అన్నది తేల్చకుండా అతని కథను మరో భాషలోకి మోసుకుపోయే హక్కు అనువాదకుడికి లేదు.