ఉక్కు నగరంలో వెన్నెముక

రాజధానిలో ఏ సభకు వెళ్ళినా, కార్మికుడు జాతికి వెన్నెముక అన్న మాట చెవిన పడక మానదు. ఆ వెన్నెముక ఏ స్థితిలో ఉన్నదో కళ్ళారా చూసే అవకాశం నాకు ఈ వారం భిలాయ్‌లో కలిగింది.

1955లో సోవియట్ యూనియన్‌తో కుదిరిన ఒప్పందం ఫలితంగా వెలసిన కర్మాగారమిది. 1959 ఫిబ్రవరి 4న రాష్ట్రపతి రాజేంద్ర ప్రసాద్ తొలి బ్లాస్ట్ ఫర్నేస్‌ను ప్రారంభించారు. శ్రీకాకుళం, విజయనగరం ప్రాంతాలనుంచి ఎందరో వలస వచ్చి ఈ ఊరినే తమ ఊరు చేసుకున్నారు. అటువంటి కుటుంబంలో పుట్టిన ఒక నడివయసు కాంట్రాక్టు కూలీ తన ఎక్స్‌రేను నా ముందుంచాడు. ఏళ్ళ తరబడి చేసిన మోతపని అతని నడుమును విరిచింది. చిన్న కోతతో వెన్నుపూసలను అతికించవచ్చునని ఎవరో వైద్యులు చెప్పారట. “ఆపరేషనైతే మళ్ళీ మోతకు వెళ్ళగలనా బాబూ?” అని అడిగాడు.

ఆ శస్త్రచికిత్స గొప్పదే. వెన్ను కండరాలను పెద్దగా కోయకుండా, వాటి నడుమ సన్నని గొట్టాన్ని దించి, ఎక్స్‌రే దృశ్యం చూస్తూ మరలు బిగిస్తారు. అరిగిన డిస్కును తీసి ఎముక ముక్కలు నింపుతారు. రక్తనష్టం తక్కువ, రోగి త్వరగా లేచి నడుస్తాడు. కాని కోత చిన్నదైనంత మాత్రాన ఎముక త్వరగా అతుక్కోదు. అందుకు నెలలు పడుతుంది. పూస జారి నరం నలిగినవారికి ఇది వరమే. కేవలం దీర్ఘకాలపు నడుము నొప్పికి మాత్రం తొందరపడరాదు. బ్రిటన్‌లో 349 మంది రోగులపై జరిపి 2005లో ప్రకటించిన పరిశోధనలో, పూసలు అతికించే శస్త్రచికిత్స క్రమబద్ధమైన వ్యాయామ శిక్షణకంటె స్పష్టంగా మేలని తేలలేదు.

అయితే వ్యాయామం చేసి కోలుకున్నవాడైనా, కోత కోయించుకున్నవాడైనా తిరిగి అదే బరువుకింద వంగితే ఫలమేమిటి? గాయం కలిగించేంత బరువు ఎవరిచేతా ఎత్తించరాదని 1948 నాటి ఫ్యాక్టరీల చట్టమే శాసించింది. 2025 నవంబరులో దాని స్థానే అమలులోకి వచ్చిన వృత్తి భద్రతా స్మృతిలో, ప్రభుత్వానికి తెలియజేయవలసిన వ్యాధుల జాబితా ఉన్నది. అందులో సీసపు విషం ఉన్నది, సిలికోసిస్ ఉన్నది, రొదవల్ల వచ్చే చెవుడు ఉన్నది. విరిగిన నడుముకు మాత్రం చోటు లేదు. జాబితాలో లేని బాధకు లెక్క ఉండదు. లెక్కలేని బాధ గురించి పార్లమెంటులో ప్రశ్న పుట్టదు.

ఈ కర్మాగారానికి ఇనుప ఖనిజాన్నిచ్చిన దల్లీ రాజహరా గని కార్మికులు, శంకర్ గుహా నియోగీ నాయకత్వాన తమ చందాలతో 1983లో షహీద్ ఆసుపత్రిని నిలబెట్టుకున్నారు. పని పరిస్థితులు మారనిదే ఆరోగ్యం లేదని నమ్మినవారు వారు. 1991లో నియోగీని ఈ భిలాయ్‌లోనే కాల్చి చంపారు.

ఆ కూలీ ప్రశ్నకు సమాధానం ఎక్స్‌రేలో లేదు. అతని నెత్తిన ఎంత బరువు పెట్టవచ్చునో నిర్ణయించవలసింది ఢిల్లీ. జాతికి వెన్నెముక అని పొగిడే పెద్దలు, ముందుగా ఆ వెన్నెముకను జాబితాలోకి ఎక్కించగలరా?