కాపురం శివార్లో, పలహారం అమీర్‌పేటలో

హైదరాబాదులో యిల్లు వెదుక్కునే గృహస్థుకు రెండు దారులున్నాయి. ఊరి నడిబొడ్డున ఇరుకు వాటాలో సర్దుకోవటం ఒకటి. శివార్లకు పోయి, అదే అద్దెకు మరో గదీ, బాల్కనీ, కాస్త ఆకాశమూ సంపాదించుకోవటం రెండోది. మొదటిదారి పట్టినవారు గాలికి మొగంవాచి వుంటారు. రెండోదారి పట్టినవారు దేనికి మొగంవాచి వుంటారనుకున్నారు? మంచి యిడ్లీకి!

నవ్వకండి. నిజాంపేటలోనో బాచుపల్లిలోనో కొత్తగా కాపురం పెట్టిన దంపతులను పలకరించి చూడండి. యిల్లెలా వుందంటే భేషుగ్గా వుందంటారు. పిల్లలు ఆడుకోవటానికి చోటుంది, రాత్రి కంటినిండా నిద్ర పడుతోంది అంటారు. అంతలోనే ఆవిడ, "వొంట్లో బాగాలేని రోజున నాలుగు యిడ్లీలు తెప్పించుకుందామంటే నోట పెట్టుకునేట్టు లేవండీ. అమీర్‌పేటలో వున్నప్పుడు ఆ చింత లేకపోయింది" అంటుంది. ఆయన వెంటనే అందుకుని, "అక్కడున్నన్నాళ్లూ హారన్ల మోతకు తలనొప్పి వస్తోంది, యిల్లు మారదామని పోరింది నువ్వేగా!" అంటాడు.

ఇద్దరిమాటా నిజమే. యీ తగాదా ఆ ఒక్క యింటిది కాదు. నగరం పెరుగుతున్నకొద్దీ యింటింటా వినిపించేదే. దీనికి తీర్పు చెప్పాలంటే ముందు ఒక సంగతి తేల్చుకోవాలి. అమీర్‌పేటలో తిండి బాగుండటానికి కారణమేమిటి? అక్కడి వంటవాళ్ల చేతిలో ఏదైనా అమృతం వుందా?

నిన్నటి శివారు

అమీర్‌పేట ఏదో ఆదినుంచీ నగరానికి నడుమ వున్నదని అనుకోకండి. 1956లో ఆంధ్రప్రదేశ్ అవతరించి, రాజధాని కర్నూలునుంచి హైదరాబాదుకు వచ్చిన రోజుల్లో నగరమంటే చార్మినారు, ఆబిడ్సు, కోఠీ, నాంపల్లి, అవతల సికింద్రాబాదు. అమీర్‌పేట, పంజాగుట్టలు ఊరి చివర. ఖాళీజాగా వుంది గనుకనే సారథీ స్టూడియో అమీర్‌పేటలో వెలసింది. 1959లో విడుదలైన 'మా ఇంటి మహాలక్ష్మి' అక్కడే తయారైంది. పూర్తిగా హైదరాబాదులో తీసిన తొలి తెలుగుచిత్రంగా దానికి పేరు. మంచి టిఫిను తినాలంటే అప్పటి సంసారులు ఆబిడ్సులోని తాజ్‌మహల్ హోటలుదాకా పోవలసిందే. అంటే, యీనాడు బాచుపల్లివారు పడే బాధ ఆనాడు అమీర్‌పేటవారు పడ్డారన్నమాట!

తరువాత చుట్టూ కాలనీలు లేచాయి. నీలం సంజీవరెడ్డిగారి పేర ఒకటి, జలగం వెంగళరావుగారి పేర మరొకటి. పక్కనే సనత్‌నగర్ కార్ఖానాలు. ఇటు పంజాగుట్టలో నిమ్స్ ఆసుపత్రి. 1998 నవంబరులో మాధాపూరులో సైబర్ టవర్సు ప్రారంభమయ్యేనాటికి కంప్యూటరు చదువులమీద మోజు ముదిరింది. మైత్రీవనం భవనమూ, దాని చుట్టుపక్కల మేడలూ శిక్షణ తరగతులతో కిటకిటలాడాయి. గోడ కనిపిస్తే కోర్సు పేరు, స్తంభం కనిపిస్తే హాస్టలు ప్రకటన! శ్రీకాకుళంనుంచి, ఖమ్మంనుంచి, కడపనుంచి, కరీంనగర్‌నుంచి డిగ్రీ పట్టాలు చేతపట్టుకుని కుర్రవాళ్లూ, అమ్మాయిలూ వచ్చి దిగారు. ఒక్కో గదిలో నలుగురైదుగురు. మంచమూ పెట్టే పట్టిన గదిలో పొయ్యికి చోటెక్కడ?

అసలు రహస్యం యిక్కడే వుంది.

వంటిల్లు లేని జనం

హోటలుకు ఎవరు వస్తారన్నదాన్నిబట్టి వంట వుంటుంది. అమీర్‌పేటలో తినేవారిలో ఎక్కువమంది సరదాకు తినేవారు కారు. అక్కడ తినకపోతే పస్తు వుండవలసినవారు. పొద్దున టిఫిను, మధ్యాహ్నం భోజనం, రాత్రి చపాతీయో పెరుగన్నమో, రోజూ మూడుపూటలా బజారులోనే. వీరికి తోడు నిమ్సులో రోగిని చేర్చి, బయట కాచుకుని వుండే బంధువులు. వారు తెచ్చుకున్న డబ్బు మందులకే చాలదు. తిండి చవకగానూ వుండాలి, కడుపులో యిమడాలి.

యిటువంటి గిరాకీని మోసగించటం ఎవరి తరమూ కాదు. ఒకనాడు సాంబారు పులిసిందంటే, మరునాడు ఆ నలుగురూ పక్క మెస్సుకు పోతారు. హాస్టలుకు వెళ్లి మరో నలభైమందికి చెబుతారు. పది అడుగుల దూరంలో యింకో మెస్సు వున్నచోట వంటవాడు వొళ్లు దగ్గర పెట్టుకుని వండక తప్పదు.

రెండో మేలు యింకా పెద్దది. సరుకు నిలవ వుండదు. తెల్లవారుజామున తెచ్చిన పిండి పదిగంటలకల్లా చెల్లిపోతుంది. యిడ్లీరేకులు దించటమే తరువాయి, పళ్లేలు ఖాళీ. పల్లీచట్నీ పూటకు రెండుసార్లు రుబ్బవలసిందే. మధ్యాహ్నం పప్పు గంగాళం అడుగంటితే మళ్లీ పొయ్యి ఎక్కుతుంది గాని, నిన్నటి పప్పుకు నేటి పోపు పెట్టే అవసరం రాదు. వంట రుచిలో సగం వంటవాడి చేతిలో వుంటే, తక్కిన సగం తినేవారి తొందరలో వుంటుంది. వేడిగా వండినది వేడిగా చెల్లిపోతే సామాన్యపు వంట కూడా రుచిగానే వుంటుంది.

కాకతీయ డీలక్స్ మెస్సు పేరు వినని అమీర్‌పేట వాసి వుండడు. అరటాకు, పప్పు, వేపుడు, పులుసు, పొడీ నెయ్యీ, గడ్డపెరుగు. యింట్లో వరసే, బజారులో దొరుకుతుంది. ఊరు వదలివచ్చిన కుర్రవాడికి అమ్మ గుర్తుకు రావాలన్నా, అమ్మ మీది బెంగ తీరాలన్నా అటువంటి ఆకే శరణ్యం.

పంజాగుట్ట తీరు వేరు. మెట్రోలో అమీర్‌పేట తరువాతి స్టేషనే అయినా అక్కడి ఆకలి వేరు. పట్టుచీరలు, నగలు కొనవచ్చినవారు, బంజారాహిల్సునుంచి దిగివచ్చినవారు, సెలవునాడు పిల్లాపాపలతో బయలుదేరినవారు. వీరు కడుపుకోసం కాక నాలుకకోసం తింటారు. నాగార్జున సర్కిలు దగ్గరి 'చట్నీస్'కు దోశవల్ల ఎంత పేరో, దోశ పక్కన వడ్డించే రకరకాల చట్నీలవల్ల అంత పేరు. నూనె లేకుండా ఆవిరిమీద చేసే దోశకు చిరంజీవిగారి పేర 'చిరు దోశ' అని పేరు పెట్టారు. అక్కడ సంసారులు కూర్చుని తీరిగ్గా తింటారు. అమీర్‌పేట బండిదగ్గర నిలబడి గబగబా తింటారు. రెండూ మంచివే. అయితే రోజూ తినే తిండికీ, పండుగనాటి తిండికీ వున్నంత తేడా వాటికి వుంది.

పొట్లాల్లో కూరలు

యీ వంటిల్లు లేనివారి పుణ్యమా అని వంటిల్లు వున్నవారికీ ఒక వసతి కలిగింది. అదే కర్రీ పాయింటు. సాయంత్రమయ్యేసరికి గాజుబీరువా వెనక బేసిన్లలో పప్పు, దొండకాయ వేపుడు, గుత్తివంకాయ, సాంబారు, పచ్చడి బారులు తీరుతాయి. యింట్లో అన్నం ఒక్కటి వండుకుంటే చాలు. ఆఫీసునుంచి ఏడుగంటలకు దిగిన యిల్లాలు రెండు పొట్లాలు కట్టించుకుని యింటికి చేరితే, ఎనిమిదింటికల్లా కంచాలు పెట్టవచ్చు. పిల్లవాడి లెక్కలు చూడటానికి ఓ గంట మిగులుతుంది. ఆ గంట విలువ తెలియనివారే "ఆడవాళ్లు వంట మరిచారు" అని దెప్పుతారు.

ఒక్క జాగ్రత్త మాత్రం మరవకూడదు. కాగే సాంబారును పలచటి ప్లాస్టిక్ సంచిలో పోయించుకోవటం ఆరోగ్యానికి మంచిది కాదు. చేతిసంచిలో ఓ స్టీలు గిన్నె వేసుకుపోతే సరిపోతుంది. మన పెద్దలు పాలకు చెంబు తీసుకుపోలేదూ?

జనం పోతే?

రుచికి మూలం రద్దీయే అనటానికి ఋజువు కావాలంటే 2020 మార్చి గుర్తు తెచ్చుకోండి. దేశమంతా లాక్‌డౌను విధించినప్పుడు హాస్టళ్లు మూసివేస్తారన్న భయంతో అమీర్‌పేట, పంజాగుట్ట ప్రాంతాల్లోని కుర్రకారు వేలసంఖ్యలో పోలీసు స్టేషన్ల ముందు బారులు తీరారు. సొంత ఊళ్లకు పోవటానికి అనుమతి పత్రాలకోసం. వారు కదిలిపోయారు, తరగతులు యింటర్నెట్టులోకి మారాయి. వండేవాళ్లు ఆ వంటవాళ్లే, పొయ్యిలు ఆ పొయ్యిలే. తినేవాళ్లు లేక మెస్సులు చల్లబడ్డాయి.

శివారు హోటలుకు వున్న చిక్కూ యిదే. సోమవారంనుంచి శుక్రవారందాకా అక్కడివారంతా పొద్దున్నే డబ్బాలు కట్టుకుని ఊళ్లోకి పోతారు. హోటలు నిండేది శని, ఆదివారాల్లోనే. అందుకని యజమాని దీపాలకు, మెత్తటి కుర్చీలకు, కార్లు నిలిపే జాగాకు డబ్బు పోస్తాడు. ఆరు పేజీల మెనూ అచ్చువేయిస్తాడు. అన్ని వంటకాలకూ సరుకు తెచ్చి ఫ్రిజ్జులో దాస్తాడు. మంగళవారంనాడు మీరొక్కరూ పోయి అడిగితే ఆ దాచినదే బయటికి వస్తుంది. పాపం, అతని తప్పూ కాదు. పిండికొద్దీ రొట్టె అన్నట్టు, మందికొద్దీ వంట.

మరి శివార్లకు ఎప్పటికీ యోగం లేదా అంటే, వుంది. కూకట్‌పల్లి హౌసింగుబోర్డు కాలనీని చూడండి. ఒకనాడు అక్కడ యిల్లు వచ్చిందంటే "అంతదూరమా!" అని చుట్టాలు జాలిపడేవారు. 2007లో చుట్టుపట్ల పన్నెండు పురపాలకసంఘాలను కలిపి మహానగరపాలక సంస్థను ఏర్పరచినప్పుడు కూకట్‌పల్లి కూడా నగరంలో భాగమైంది. హాస్టళ్లు వచ్చాయి, వాటి వెనకే మెస్సులు, టిఫిను బండ్లు, కర్రీ పాయింట్లు వచ్చాయి. యిప్పుడక్కడ మంచి తిండికి కొరత లేదు. ప్రశాంతతకే కొరత! రాత్రి పదిగంటలకు కూడా రోడ్డు దాటటం గండమే.

కనుక మన దంపతుల తగాదాకు తీర్పు యిదీ: వేడి యిడ్లీని తెచ్చే జనమే హారన్ల మోతనూ తెస్తారు. ఒకటి వుంచుకుని రెండోదాన్ని పొమ్మనటం కుదరదు. అవ్వా కావాలి, బువ్వా కావాలంటే హైదరాబాదులో యిల్లు దొరకదు.

సంసారులకు నాలుగు మాటలు

యింట్లో చదువుకునే పిల్లలూ, పెద్దవయసు తల్లిదండ్రులూ వుంటే శివారే మేలు. వేసవిలో నీళ్ల టాంకర్ల ఖర్చు ఎంతో మాత్రం అద్దె మాట్లాడేముందే వాకబు చేయండి. భార్యాభర్తలిద్దరూ ఉద్యోగాలు చేస్తూ యింటికి నిద్రకే వచ్చేటట్టయితే ఊరినడుమ వుండటమే లాభం. ప్రయాణంలో పోయే పొద్దు యింట్లో మిగులుతుంది.

మీ అబ్బాయో అమ్మాయో అమీర్‌పేట హాస్టలులో వుంటే, ఫీజు కట్టటంతో సరిపెట్టక ఒకపూట వెళ్లి, వారు తినేచోటే తినిరండి. హోటలు వారి 14 అంకెల ఆహార లైసెన్సు నంబరు బిల్లుమీద వుండాలని 2022 జనవరినుంచి నిబంధన వుంది. వుందో లేదో చూడండి. బూరెలమూకుడులో నూనె నల్లగా మడ్డికట్టి వుంటే బజ్జీ జోలికి పోకండి. మళ్లీమళ్లీ కాచిన నూనెలో పుట్టే చెడు పదార్థాలు 25 శాతం దాటితే దాన్ని వాడరాదని 2018 జూలైనుంచి చట్టమే చెబుతోంది. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం పచ్చిగుడ్లతో చేసే మయొనైజును ఏడాదిపాటు నిషేధించవలసి వచ్చిందంటే, కొత్త రుచులతో ఎంత జాగ్రత్తగా వుండాలో గ్రహించవచ్చు. ఇంత విచారించే తీరిక లేదంటారా? పనిదినాన, మధ్యాహ్నం ఒంటిగంటకు ఏ హోటలు ముందు జనం నిలబడి వున్నారో అందులోకి వెళ్లండి. దీపాలనుచూసి వెళ్లేకన్నా అది నయం.

ఇక శివారువారి యిడ్లీ బెంగకు మందు లేకపోలేదు. 2017 నవంబరునుంచి మెట్రో నడుస్తోంది. మియాపూరులో ఎక్కితే పదో స్టేషను అమీర్‌పేట. యిరవై నిమిషాలకు కాస్త అటూ యిటూ. ఆదివారంనాడు ఆవిడను వంటింట్లోకి పోనివ్వక, పిల్లలను వెంటబెట్టుకుని రైలెక్కండి. తిని, తాగి, పదకొండింటికల్లా తిరిగివచ్చి, మీ బాల్కనీ గాలికి చాపమీద నడుం వాల్చండి. పిండి పదింటికే అయిపోతుందని ముందే చెప్పాను. అందుచేత పెందలాడే లేవాలి మరి!